బొంతగుంట బండ్ల లెక్క

ఓబులయ్య ఎలాంటివాడంటే, తనకు జ్వరం వస్తే మందు అడిగేముందు నేరేడుపల్లెలో తోడల్లుడికి కూడా వచ్చిందా అని అడుగుతాడు. వచ్చిందంటే ఎవరిది ఎక్కువో కనుక్కుంటాడు. అలాగని చెడ్డవాడు కాదు. బొంతగుంట మునసబుగా పదిహేనేళ్లలో ఎవరి గట్టూ జరపలేదు, ఎవరి పశువునూ ఊరికే బందెలదొడ్లో పెట్టించలేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, దాని పేరు జనార్దనయ్య.

జనార్దనయ్య నేరేడుపల్లె మునసబు. ఓబులయ్య భార్య మాలకొండమ్మకు స్వయానా చెల్లెలు దేవకమ్మ. ఆ దేవకమ్మ మొగుడు. రెండూళ్లకీ కోసెడు దూరం, నడుమ ఒక బోడిగుట్ట. అత్తగారిది కలువాయి. బావమరిది పెళ్లిలో అల్లుళ్లిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, అత్తగారు ముందుగా చిన్నల్లుడి ఆకులో నెయ్యి వడ్డించింది. ఆవిడకు చూపానదు, ఎవరెటు కూర్చున్నారో చూసుకోలేదు. పన్నెండేళ్లయినా ఓబులయ్యకు ఆ నెయ్యి అరగలేదు.

ఆ తర్వాత ధాత సంవత్సరపు కరువు వచ్చింది. రెండేళ్లు మెట్ట మీద వానచుక్క లేదు. ఎద్దులు కట్టుకొయ్యల దగ్గరే కూలబడి చచ్చాయి. సర్కారు కరువు పని పెట్టింది గానీ, పెట్టింది నేరేడుపల్లె చెరువుకట్ట మీద. బొంతగుంట ఆడా మగా తెల్లారకముందే లేచి, గుట్ట చుట్టి పోయి, జనార్దనయ్య ఊరికి మట్టి మోశారు. దాన్ని కూడా ఓబులయ్య ఎలాగో దిగమింగాడు. కానీ రెండో ఏడు, గాదె అడుగు గీకే రోజుల్లో, జనార్దనయ్య అడగకుండానే రెండు బస్తాల జొన్నలు పంపాడు. మాలకొండమ్మ కళ్లొత్తుకుంటూ దించుకుంది. ఓబులయ్య ఆ జొన్నసంగటి తిన్నాడు, బతికాడు, పంపినవాణ్ణి మాత్రం క్షమించలేకపోయాడు. తిట్టినవాడితో తగవు పడొచ్చు. ఆకలిలో అన్నం పెట్టినవాడితో ఏ మొహం పెట్టుకుని పడతాం?

కరువు పోయింది. ప్రమాథి సంవత్సరం వేసవిలో ఉదయగిరి తాసిల్దారు ఇద్దరు మునసబులనూ కచేరీకి పిలిపించాడు.

"అనుమసముద్రంపేట నుంచి ఇక్కడికి కంకర రోడ్డు వెయ్యాలని నెల్లూరు బోర్డువారి ఆలోచన," అన్నాడు తాసిల్దారు. "వాగు దాటాక బండ్లబాట రెండుగా చీలుతోంది గదా. ఒకటి బొంతగుంట మీదుగా, ఒకటి నేరేడుపల్లె మీదుగా. రోడ్డు పన్ను ఫండులో డబ్బు ఒక్క దారికే ఉంది. ఏ దారిన ఎన్ని బండ్లు తిరుగుతున్నాయో పదిరోజులు లెక్క తీసి పంపమన్నారు."

"రోడ్డు పన్ను రెండూళ్లూ కడతా ఉండాయి గదయ్యా," అన్నాడు ఓబులయ్య. "రోడ్డు మాత్రం ఒకరికేనా?"

"రెండూళ్లేమిటయ్యా, తాలూకా అంతా కడుతోంది. బోర్డులో కూర్చునేది పల్లం వాళ్లు. వాళ్ల దార్లన్నీ వేసుకోగా మిగిలింది మన మెట్టకు. ఈ మాత్రం రాలడమే గొప్ప. దీనికోసం మీరిద్దరూ జుట్లు పట్టుకోవద్దు."

బయటికి వచ్చాక జనార్దనయ్య తలగుడ్డ సర్దుకుంటూ, "ఎవురికి వచ్చినా మంచిదేలే అన్నా," అన్నాడు. "కోసెడు దూరమే గదా. ఇద్దరమూ వాడుకుందాం."

ఆ మాటతో ఓబులయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరికి వచ్చినా మంచిదే అని ఎవడంటాడు? వచ్చేది తనకేనని ముందే తెలిసినవాడంటాడు. నెల్లూరులో ఎవరి గడపో తొక్కి వచ్చి ఉంటాడు. ఉదయగిరి నుంచి ఇంటికి చేరేదాకా బండిలో ఓబులయ్య ఇదే నమిలాడు. దుర్గం కొండ వెనక్కి తగ్గేకొద్దీ అనుమానం ముందుకు పెరిగింది. బొంతగుంట పొలిమేరకు వచ్చేసరికి అది అనుమానం కాదు, కళ్లారా చూసిన సంగతే.

ఊళ్లో పెద్దలను చావడి దగ్గరికి పిలిచాడు. రోడ్డు పడితే ఆత్మకూరు వర్తకులు బండ్లు కట్టుకుని ఊళ్లోకే వస్తారనీ, నెయ్యికీ ఆముదాలకూ ఇంటిముందే గిరాకీ అనీ చెప్పాడు. జనం తలలూపారు. అప్పుడు అసలు మాట అన్నాడు.

"లేకుంటే మళ్లా నేరేడుపల్లెకే పోతాది. చెరువుకట్ట వాళ్లకే వచ్చె, రోడ్డూ వాళ్లకే వచ్చె. మనం మళ్లా తట్టలెత్తుకుని పోదామా?"

ఈసారి ఎవరూ తలూపలేదు. పళ్లు కొరికారు. రెండేళ్లు పక్కూరి మట్టి మోసిన జనం. మునసబు కడుపులో మంట ఒక్క పూటలో ఊరి మంట అయింది.

అయితే బొంతగుంటకు నిజంగా తిరిగే బండ్లెన్ని? కరువు తిని మిగిల్చినవి తొమ్మిది బండ్లు, ఏడు కాడి ఎద్దులు. ఆ ఎద్దులకు అప్పుడప్పుడే డొక్కలు పూడుతున్నాయి. పేట దర్గాకు పోయే యాత్రికుల బండ్లు రెండో మూడో దారి తప్పితే ఇటు వస్తాయి. రోజుకు పది బండ్లు కనబడటమే గగనం.

దానికీ ఓబులయ్య ఉపాయం పన్నాడు. ఊళ్లో బండ్లు చావడి ముందునుంచి ఉదయగిరి వైపు పోవాలి. గుట్ట ఇవతల పొలాల డొంకలోకి తిరిగి, ఊరి అవతల వాగు దగ్గర తేలి, మళ్లీ చావడి ముందుకు రావాలి. ఒక చుట్టు గడ్డితో, ఒక చుట్టు కుండలతో, ఒక చుట్టు కంపతో. గానుగెద్దు తిరిగితే నూనె వస్తుంది, ఇవి తిరిగితే రోడ్డు వస్తుంది.

లెక్క తీయడానికి తాలూకా కచేరీ నుంచి వెంకటరమణయ్య అనే గుమాస్తా వచ్చాడు. వంక పెట్టడానికి వీల్లేని మనిషి. చావడి అరుగు మీద చాప వేసుకుని, పక్కన కుండ పెట్టుకుని, బండి పోతే కుండలో ఒక చింతగింజ వేసేవాడు. మొదటిరోజు మధ్యాహ్నానికి చుక్కల ఎద్దుల బండి ఆరోసారి ఎదురుగా వచ్చింది. గింజ చేతిలో పట్టుకుని గుమాస్తా దానివంక చూశాడు.

"ఈ ఎద్దులను ఎక్కడో చూసినట్టుందే," అన్నాడు.

"మెట్ట ఎద్దులన్నీ ఒకే మాదిరి ఉంటాయి స్వామీ," అన్నాడు బండి తోలుతున్న వెంగయ్య.

వెంకటరమణయ్య ఒక్క క్షణం ఆలోచించి గింజ కుండలో వేశాడు. "బండి పోతే గింజ వెయ్యమన్నారు. ఎవరి బండి అని దొరవారు అడగలేదు," అన్నాడు తనలో తానే. లంచం పుచ్చుకోలేదు. మాలకొండమ్మ పంపిన మజ్జిగ తప్ప ఏమీ తాకలేదు. ఒట్టి నిజాయితీపరుడు, అదే కొంప ముంచింది.

మొదటి అయిదు రోజులు ఊరికి తిరనాళ్ల ఉత్సాహం. సాయంత్రానికి కుండ బరువెక్కుతుంటే ఓబులయ్యకు ఆకలి పుట్టేది. ఆరోరోజు సాయంత్రం ఉదయగిరి కొండ మీదనుంచి మబ్బు దిగి, రెండు గడియలు కుండపోతగా కురిసింది. మూడేళ్ల తర్వాత మృగశిరలో పడిన మొదటి మంచి వాన. ఆడవాళ్లు తడుస్తూనే వాకిట్లో నిలబడ్డారు.

తెల్లారేసరికి వెంగయ్య మునసబు వాకిట్లో ఉన్నాడు. వరసకు అల్లుడవుతాడు. వాడికి ఉన్నది నాలుగెకరాల ఎర్రనేల, ఒక కాడి ఎద్దులు. కరువులో చచ్చిన జత పోగా, పెళ్లాం మెళ్లో పుస్తె తప్ప అన్నీ అమ్మి కొన్న జత అది.

"మామా, భూమి పదునులో ఉండాది. ఈ రోజు గొర్రు కడతాను," అన్నాడు.

"ఇంకా నాలుగు రోజులుండాది రా లెక్క."

"ఎర్రనేల మామా. పదును మూడు రోజులుంటే గొప్ప. ఎండ చూడు, ఎట్లా కాస్తా ఉండాదో. సజ్జ ఇత్తనం నానబోసి పెట్టినా ఇంట్లో."

ఓబులయ్యకు ఆ సంగతి తెలియక కాదు. పుట్టింది సేద్యగాడి కడుపున. అతని చెయ్యి కూడా తెల్లవారుజామునే పెరట్లో మట్టి పిడికిలి పట్టి చూసింది, ముద్ద కట్టింది. వెంగయ్యకు సరే అనబోయి, అంతకుముందు ఒక్కసారి చూసి వద్దామని బోడిగుట్ట ఎక్కాడు.

అవతల నేరేడుపల్లె పొలాలన్నీ కదులుతున్నాయి. ఎక్కడ చూసినా గొర్రులే, వెనక ఆడవాళ్ల చేతుల్లో విత్తనాల బుట్టలే. జనార్దనయ్య తలగుడ్డ కూడా కనబడింది, తనే ఒక గొర్రు పట్టి తోలుతున్నాడు. వాళ్ల బండ్లబాట మీద పురుగు లేదు. అక్కడ లెక్కకు కూర్చున్న గుమాస్తా చెట్టు కింద తువ్వాలు మొహాన కప్పుకుని పడుకున్నాడు.

చూసినవాడికి రెండే దారులు. వాడు విత్తనం వేస్తున్నాడు, నేనూ వేస్తాను అనుకోవచ్చు. ఓబులయ్య ఇంకోటి అనుకున్నాడు. వాడికి ఈ రోజు బండ్లు సున్న. వాడికి సున్న పడుతుంటే నేను ఆపడమా? ఇప్పుడే ఇంకో యాభై తిప్పితే వాడు మళ్లీ తలెత్తడు. ఆ పచ్చి సంతోషం గొంతుదాకా వచ్చింది. మరుక్షణమే దాని వెనక భయం కూడా వచ్చింది. వాడు అంత నిశ్చింతగా ఎందుకున్నాడు? ఏ ధీమా మీద?

దిగి వచ్చి, "ఎవుడూ గొర్రు కట్టేదానికి లేదు," అన్నాడు. "నాలుగు రోజులు. అంతే. వాన ఇంకోటి పడతాది, రోడ్డు ఇంకోటి రాదు."

రాత్రి సంగటి పెడుతూ మాలకొండమ్మ గట్టిగానే అడిగింది. "ఏందయ్యా ఇది? ఊరంతా గొణుగుతా ఉండారు. ఆడ చూస్తే నీ తోడల్లుడు అప్పుడే ఇత్తనం వేసేసినాడు."

ఆ చివరి మాట లేకపోతే ఓబులయ్య వినేవాడేమో. ఎద్దులు పాపం అని ఉంటే వినేవాడు. పిల్లలు గలవాళ్లని ఉంటే వినేవాడు. తోడల్లుడు అనేసరికి చెవులు మూసుకుపోయాయి. "ఆయన్ను చూసి నేర్చుకోవాల్సిన గతి నాకు పట్టలేదు," అని ముద్ద వదిలి లేచాడు.

నాలుగు రోజులూ బండ్లు తిరిగాయి. ఎనిమిదోరోజుకు నేల పైన తెల్లబడింది. తొమ్మిదోరోజు వెంగయ్య ఎద్దుల్లో ఒకటి చావడి ముందే ముందుకాళ్ల మీద కూలింది, మళ్లీ లేవలేదు. గుమాస్తా దానికి కూడా గింజ వేశాడు, బండి అప్పటికే దాటింది కనక. పదకొండోరోజు పొద్దున ఊరంతా గొర్రులు కట్టి పొలాల మీద పడింది. గొర్రు కర్రులు నేలను గీరుతుంటే దుమ్ము లేచింది. ఆ దుమ్ములోనే విత్తనం వేశారు, వెయ్యక ఏం చేస్తారు? చీమలు బారులు తీరి ఎత్తుకుపోయాయి. ఆ తర్వాత నెలన్నర చినుకు లేదు.

ఆ నెలన్నరలోనే కచేరీ నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. ఓబులయ్య ఉతికిన పంచె కట్టుకుని పోయాడు. జనార్దనయ్య అప్పటికే నిలబడి ఉన్నాడు. తాసిల్దారు కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

"బొంతగుంట దారిన పదిరోజులకు ఆరువందల పద్నాలుగు బండ్లు. నేరేడుపల్లె దారిన నలభై ఒకటి."

ఓబులయ్య పక్కకు చూశాడు. ఆ చూపు కోసమే ఊరి పదును పోయింది, ఎద్దు కూలింది. జనార్దనయ్య మొహంలో మాత్రం ఓడినవాడి కళ లేదు. నుదురు ముడిపడి ఉంది, అంతే.

"ఇక ఓవర్సీరు రాసింది వినండి," అన్నాడు తాసిల్దారు. "బొంతగుంట బాట మీద ఇన్ని బండ్లు ఇంత సులువుగా తిరుగుతున్నాయంటే ఆ బాటకు ఏ లోటూ లేదు. దానికి కంకర అనవసరం. పైగా ఇంత రాకపోకలున్న చోట సుంకం గేటు పెడితే ఫండుకు మంచి రాబడి. నేరేడుపల్లె బాట మీద బండ్లు పోవడానికే భయపడుతున్నట్టుంది. బొంతగుంట గేటు రాబడితో నేరేడుపల్లె దారికి కంకర వెయ్యవచ్చు." కళ్లద్దాలు తీశాడు. "ఎవరి ఊరి లెక్క నిజమని వాళ్లు చేవ్రాలు చేస్తే బోర్డుకు పంపుతాను. పంపాక నా చేతిలో లేదు."

ఓబులయ్య చెవిలో ఒక్క మాటే నిలిచింది. గేటు. వెంగయ్య కంపబండికి సుంకం. ఆముదాలు వేసుకుని ఆత్మకూరు పోవాలన్నా సుంకం, ఖాళీగా తిరిగి రావాలన్నా సుంకం. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ పోటుతో పడేది కూడా తోడల్లుడి రోడ్డు. ఒక్క మాట చెబితే చాలు, అయ్యా, అవి తిప్పిన బండ్లే తిప్పినాము అని. తాసిల్దారు నాలుగు తిట్టి కాగితం చింపేస్తాడు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

అది బయటపడేలోపే జనార్దనయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"అయ్యా, తమరు మన్నించాల. ఈ లెక్క సరిగా ఉన్నట్టు లేదు," అన్నాడు మెత్తగా. "మా అన్న ఊళ్లో అన్ని బండ్లు యాడివి? కరువులో చానా దెబ్బ తినుండారు. ఉండేది ఎనిమిదో తొమ్మిదో. గేటు పెడితే తట్టుకోలేరు అయ్యా. మాకు రోడ్డు లేకున్నా సరే, వాళ్లకు గేటొద్దు."

ఆ మాటలో అబద్ధం లేదు. మంచితనం తప్ప ఇంకేమీ లేదు. అదే ఓబులయ్యను కాల్చింది. నా ఊళ్లో బండ్లు లేవని చెప్పడానికి వీడెవడు? కరువులో దెబ్బ తిన్నామని కచేరీలో పదిమంది ముందు చాటడానికి వీడికేం హక్కు? మళ్లీ పెడుతున్నాడు, మళ్లీ నేను తింటున్నాను. తనకు ఒక కన్ను పోయినా సరే, ఎదుటివాడి దయ మాత్రం వద్దనిపించింది.

"ఎనిమిదో తొమ్మిదో అని ఎవురన్నారు?" అన్నాడు. "మా దారిన ఆరువందలు కాదు, అంతకు పైనే తిరగతాయి. గుమాస్తా కునుకు తీసిన పొద్దుల్లో పోయినవి లెక్కలోకే రాలేదు."

"అన్నా..." అన్నాడు జనార్దనయ్య.

"నువ్వుండు. నా ఊరి సంగతి నాకు తెలుసు." కలం అందుకుని చేవ్రాలు చేశాడు. జనార్దనయ్య చాలాసేపు కలం ముట్టుకోలేదు. చివరికి నేరేడుపల్లె నలభై ఒక్క బండ్ల కింద మాత్రం చేవ్రాలు చేసి వెళ్లిపోయాడు.

ఇంట్లో మాలకొండమ్మ అడిగింది, ఏమైందని. "లెక్కలో మనమే గెలిచినాము," అన్నాడు ఓబులయ్య. మిగతాది ఆమె రెండు నెలల తర్వాత, గేటు దూలం దించే చప్పుడుతో తెలుసుకుంది. గేటు పాట పాడుకున్నది ఆత్మకూరు మనిషి. ఏడాది పాటసొమ్ము ముందే కట్టేశాడు, గేటు పక్కన పాక వేసుకుని కూర్చున్నాడు. బొంతగుంటలో సజ్జ మొలవలేదు, ఆలస్యంగా చల్లిన ఉలవలు జానెడు లేచాయి. గుట్ట అవతల సజ్జకంకులు మనిషి భుజాన్ని తాకుతున్నాయని చూసినవాళ్లు చెప్పారు. ఓబులయ్య చూడటానికి పోలేదు.

ఊరు అతన్ని ఏమీ అనలేదు. మునసబయ్యా అని దండం పెట్టడం మానలేదు కూడా. చావడి దగ్గర కూర్చోవడం మాత్రం తగ్గించారు.

చలికాలంలో నేరేడుపల్లె దారికి కంకర పని మొదలైంది. మొదటిరోజే వెంగయ్య సమ్మెట భుజాన వేసుకుని, వెనక పెళ్లాం శీనమ్మ తట్ట పట్టుకుని, గేటు పక్కగా నడిచి పోయారు. నడిచేవాళ్లకు సుంకం లేదు. వాళ్ల వెనక ఇంకో పది కుటుంబాలు. రెండో ఎద్దును వెంగయ్య అప్పటికే అమ్మేశాడు. ఓబులయ్య తన అరుగు మీదనుంచి చూస్తూ కూర్చున్నాడు. రోజంతా కూర్చున్నాడు. పొద్దుగూకే వేళకు వెంగయ్య తిరిగి వస్తుంటే పిలిచాడు.

"పని బాగుండాదా?"

"ఉండాది మామా. కూలి చేతికే ఇస్తా ఉండారు."

"ఆయన వస్తాడా పని దగ్గరికి?"

ఎవరని వెంగయ్య అడగలేదు. "పొద్దున్నుంచీ ఆడే ఉండె. రాయి చూసుకుంటా, మనుషుల్ని చూసుకుంటా."

"నా గురించి ఏమన్నా అంటాడా? నవ్వతా ఉండాడా?"

"ఎవురు, ఆయనా? లేదు మామా."

"నిజం చెప్పు రా. అందరి ముందరా నవ్వినాడా లేదా?"

వెంగయ్య సమ్మెట ఒక భుజం మీదనుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మునసబు మీద కోపం చూపించే ఓపిక కూడా అతనికి ఆ పూట లేదు.

"నీ మాటే రాలేదు మామా," అన్నాడు.

నవ్వుతాడనే మాటకు ఓబులయ్య నాలుగు నెలలుగా తయారై ఉన్నాడు. దానికి జవాబు కూడా కూర్చిపెట్టుకున్నాడు. ఆ జవాబు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. తను పదునూ పరువూ పోసి రాజేసిన మంట గుట్ట అవతలివాడికి వెచ్చగానైనా తగలలేదన్న సంగతి అప్పుడు లోపలికి దిగింది, దిగిన చోట నొప్పి పుట్టింది. వెంగయ్య రెండడుగులు వేశాడు.

"ఒరే వెంగయ్యా," అని మళ్లీ పిలిచాడు ఓబులయ్య. "రేపు కాస్త దగ్గర్లో నిలబడి ఇను. ఏదో ఒకటి అనకుండా ఉండడు."